ఎర్ర సిరా కొట్టివేత: వరదలో తడిసిన ఒక పాఠశాల రిజిస్టరు కేసు

నేపథ్యం

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది ఒడ్డు దాటి దక్షిణ చెన్నైని ముంచినప్పుడు, ఒక కతోలిక బాలుర పాఠశాల ఆఫీసు గదిలోకి మూడడుగుల నీరు వచ్చి రెండు రోజులు కదలకుండా నిలిచింది. అల్మరాల కింది అరల్లో ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లు పదకొండు సంపుటాలు తడిశాయి. పాత కాగితాల సంరక్షణ నా వృత్తి కనుక వాటిని నిలబెట్టే పని నాకు అప్పగించారు. అందులో ఒకే ఒక్క పేజీ విషయంలో నేను చేసిన తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి పనికివస్తాయన్న నమ్మకంతో ఈ కేసును రాసిపెడుతున్నాను. పాఠశాల పేరు, దాన్ని నడిపే సన్యాస సభ పేరు, పేట పేరు రాయడం లేదు. విద్యార్థి తేదీలను మార్చాను. వాటి మధ్య తేడాను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను.

ఇలాంటి పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరుకు ఉన్న బరువు ముందుగా తెలియాలి. వరుస నంబరు, పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేదా సంరక్షకుని పేరు, వృత్తి, మతం, మాతృభాష, అంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, విడిచిన తేదీ, ఎందుకు విడిచాడు అన్న గడి: ఒక పిల్లవాడి జీవితమంతా ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలో ముగుస్తుంది. మాతృభాష గడిలో తెలుగు అన్న మాట ఈ సంపుటాల్లో అడుగడుగునా కనబడుతుంది. 1928లో నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) విడిగా ఏర్పడేవరకు ఆ జిల్లా విచారణలన్నీ, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతాలన్నీ, మద్రాసు ఆర్చిబిషప్ అగ్రపీఠం కిందనే ఉండేవి కనుక అక్కడి కతోలిక కుటుంబాలు కొడుకులను మద్రాసు బోర్డింగులకు పంపడం సహజం. నగరంలోనే ఉన్న తెలుగు హిందూ కుటుంబాలు ఇంగ్లీషు చదువు కోసం ఇదే గుమ్మం తొక్కాయి. ఉదయం మొదటి పీరియడులో కతోలిక పిల్లలు జ్ఞానోపదేశానికి ఒక గదిలోకి, మిగిలినవాళ్లు నీతిపాఠానికి మరో గదిలోకి వెళ్లేవారని, మధ్యాహ్నం పన్నెండుకు త్రికాల ప్రార్థన గంట మోగితే ఆటస్థలంలో ఉన్నవాళ్లు కూడా నిలబడిపోయేవారని పూర్వవిద్యార్థులు నాకు చెప్పారు. ఈ విభజన రిజిస్టరులో మతం గడికే పరిమితమనుకున్నాను. నిజానికి ఏ పేజీని ముందు కాపాడాలన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

కారణం చెబుతాను. కతోలిక పిల్లవాడి పుట్టుకకు మరో సాక్ష్యం ఉంటుంది. జ్ఞానస్నానం ఇచ్చిన విచారణ పుస్తకంలో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. 1917 నాటి కతోలిక చర్చి ధర్మశాస్త్రం ప్రకారం విచారణ గురువు ఆ పుస్తకాల నకలును ఏటా మేత్రాసన కార్యాలయానికి పంపాలి. 1952లో మద్రాసు, మైలాపూరు మేత్రాసనాలు ఒకటయ్యేవరకు అవి వేర్వేరు కనుక ఏ కార్యాలయంలో వెతకాలో తెలిసి ఉండాలి, అంతే. హిందూ, ముస్లిం పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. 1969 జనన మరణాల నమోదు చట్టానికి ముందు పుట్టినవాళ్లలో ఎందరికో పుట్టిన తేదీ అంటే బడిలో రాయించిన తేదీయే. ఈ రిజిస్టరు పోతే వాళ్లకు ఇంకొకటి లేదు.

ఇంకొక సంగతి. 1942 ఏప్రిల్‌లో జపాను దాడి భయంతో మద్రాసు జనం పెద్దసంఖ్యలో నగరం విడిచి స్వగ్రామాలకు వెళ్లిపోయారు. ఈ రిజిస్టరులో ఆ నెలలో విడిచిన తేదీలు పేజీల కొద్దీ ఉన్నాయి. ఒకటి రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చిన పిల్లలకు కొత్త నంబరు ఇచ్చారు. పాత నంబరును పక్కన రాయాలన్న అలవాటును గుమాస్తాలందరూ పాటించలేదు. అందువల్ల ఒకే పిల్లవాడు రెండు సంపుటాల్లో ఇద్దరుగా ఉంటాడు.

వచ్చిన సమస్య, మొదటి నిర్ణయాలు

నేను డిసెంబరు 5న చేరుకునేసరికి తరగతి గదులన్నీ నదీతీరపు ఇళ్లనుంచి వచ్చిన కుటుంబాలతో నిండి ఉన్నాయి. వరండాలో పెద్ద గుండిగల్లో సాంబారన్నం కలుపుతున్నారు. ఆఫీసు సిబ్బంది తమ ఇళ్లలోనూ నీళ్లున్నా వచ్చి, నాలుగు సంపుటాలను మేడమీద విప్పి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టి ఎండబెట్టారు. ప్రేమతో చేసిన పనే అది. అయితే పైపేజీలు అప్పడాల్లా వంకరపోయి, లోపలి పేజీలు తడిగానే అట్టకట్టి, వెన్ను దగ్గర పచ్చటి బూజు మొదలైంది. తడిసిన కాగితం మన వాతావరణంలో రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. అప్పటికి మూడు రోజులు దాటాయి.

ఒక సంపుటం పరిస్థితి వేరు. 1930ల చివరినుంచి 1942 వరకు ఉన్న ఆ పుస్తకాన్ని ఎన్నో ఏళ్ల కిందట ఎవరో మేలు కోరి పేజీ పేజీకి ప్లాస్టిక్ లామినేషన్ చేయించారు. అంచులనుంచి నీరు లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు. సంచిలో పోసినట్టు నీరూ బూజూ సిరా కలిసి అటూ ఇటూ కదులుతున్నాయి. ప్లాస్టిక్ విప్పితే కాగితం దానితో పాటే పొరగా ఊడివస్తోంది.

పదకొండు పుస్తకాలను ఒకేసారి ఆరబెట్టే మనుషులు గానీ, చోటు గానీ మాకు లేవు. అలాంటప్పుడు చేయవలసింది ఆరబెట్టడం కాదు, కాలాన్ని ఆపడం. గడ్డకట్టిన కాగితంలో బూజు ఎదగదు, సిరా పాకదు. బోర్డింగు వంటగదిలో మాంసం నిల్వచేసే పెద్ద ఫ్రీజరు ఉంది. వంటగది చూసే, సభకు చెందిన బ్రదర్‌ను అడిగితే ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా, క్రిస్మస్‌కు తెచ్చిపెట్టిన సరుకంతా సహాయశిబిరం వంటకు ఇచ్చేసి, ఆ సాయంత్రమే ఫ్రీజరు కడిగించారు. ఒక్కో సంపుటాన్ని మైనపు కాగితంలో చుట్టి, అట్టలు ఒరుసుకోకుండా వెన్ను కిందికి పెట్టి అమర్చాం. ఇంటి తరహా ఫ్రీజరు నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది కనుక మంచు పలుకులు పెద్దవై కాగితం పోగులను కొంత దెబ్బతీస్తాయని తెలుసు. బూజుతో పోలిస్తే ఆ నష్టం చిన్నదని లెక్కవేసుకున్నాను. ఆ లెక్క ఇప్పటికీ సరైనదేనని అనుకుంటున్నాను.

తర్వాతి నిర్ణయం సరైనది కాదు. జనవరిలో ఒక్కో సంపుటాన్ని బయటికి తీసి ఆరబెట్టడం మొదలుపెట్టినప్పుడు పాతవాటినుంచి వరుసగా తీశాను. పంతొమ్మిదో శతాబ్దపు సంపుటాలు విలువైనవన్న భావం నాలో అలవాటుగా ఉంది. మూడు వారాలు వాటితో గడిచాక మేడమీది భోషాణంలో వాటి శుభ్రమైన నకళ్లు, సభవారు రోజువారీ రాసుకునే దినచర్య పుస్తకాలు దొరికాయి. పేర్లు, తేదీలు చాలావరకు వాటిలో ఉన్నాయి. ఎవరి కోసం తొందరపడ్డానో వాళ్లలో బతికి ఉన్నవాళ్లెవరూ లేరు. 1940ల సంపుటాల్లోని పిల్లలు మాత్రం ఎనభైల్లో పడి, కాగితాల కోసం ఆఫీసు గుమ్మంలో నిలబడుతున్నారు. ఏ పుస్తకం పాతది అని కాకుండా, ఏ పుస్తకానికి రెండో ప్రతి లేదు, దాన్ని అడగడానికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారా అని చూసి వరుసను మార్చాను.

సిరాలు

1943లో మొదలయ్యే సంపుటాన్ని మొదటి అంతస్తు కంప్యూటరు గదిలో, ఏసీతో గాలిలో తేమను తగ్గించి ఆరబెట్టాం. ప్రతి పది పేజీలకు అచ్చులేని న్యూస్‌ప్రింటు పెట్టి, నాలుగు గంటలకొకసారి మార్చాం. ప్లస్ టూ పిల్లలు నలుగురు బడి వేళయ్యాక వచ్చి ఆ పని చేశారు. వాళ్ల చేతులు నా చేతులకంటే నెమ్మదిగా ఉండేవి.

ఆ పేజీల్లో మూడు రకాల రాత ఉంది. పుస్తకమంతా రాసినది బ్లూబ్లాక్ సిరా. మాచికాయ పులుపునీ, ఇనుప లవణమైన అన్నభేదినీ కలిపి చేసే పాత సిరాకు నీలి రంగు చేర్చినదే అది. నీళ్లలో నీలి రంగు కొట్టుకుపోయినా ఇనుము కాగితం పోగుల్లోకి దిగిపోయి ఉంటుంది కనుక అక్షరం నల్లగా మిగిలింది. చుట్టూ గోధుమరంగు వలయాలు వచ్చాయి. ఇనుము నీటితో పాటు పాకి కాగితాన్ని తినడం మొదలుపెట్టిందనడానికి అవి గుర్తు. రెండోది ఊదారంగు రబ్బరు ముద్ర, కరిగి మేఘంలా పరుచుకుంది. మూడోదాన్ని నేను చూడలేదు.

ఇనుప సిరా విషానికి కాల్షియం ఫైటేట్ స్నానం మంచి మందు. అయినా చేయలేదు. అది నీటితో చేసే చికిత్స. ఊదా ముద్రల్లో మిగిలిన కాస్తా పోతుంది. బదులు జెలటిన్ పూసి ఆరబెట్టిన పలుచని జపాన్ టిష్యూను, అద్దుడు కాగితం మీద చెమ్మ తగిలించి, చిరిగినచోట మాత్రమే అతికించాం. తక్కువ నీరు, అవసరమైతే మళ్లీ తీసేయగల అతుకు. మరమ్మతు పూర్తయ్యాక పేజీ పేజీ చదివి, కనబడినదాన్ని కనబడినట్టు ఎత్తిరాసిన పట్టిక ఆఫీసుకు ఇచ్చాను.

తప్పు బయటపడిన తీరు

మార్చిలో ఒక పెద్దాయన వచ్చారు. తెలుగువారు, జాఫర్‌ఖాన్‌పేటలో ఇల్లు, రైల్వేలో పనిచేసి గడువుకు ముందే స్వచ్ఛందంగా విరమించారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 80 ఏళ్లు నిండితే మూల పింఛనుపై 20 శాతం అదనంగా ఇస్తారు. ఆయన పింఛను పత్రంలో పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. ముందే విరమించారు కనుక ఆ తేదీనుంచి వయసు లెక్కగట్టే దారి లేదు. చూపించవలసిన ఎస్సెస్సెల్సీ పుస్తకం (బడి చదువు ముగింపు పత్రం) ఇంట్లోకి వచ్చిన అదే వరదలో ముద్దయిపోయింది. ఆఫీసువారు నా పట్టిక చూసి, పుట్టిన సంవత్సరం 1936 అని నకలు తయారుచేశారు. దాని ప్రకారం ఆయనకు ఇంకా 80 నిండలేదు.

ఆయన ఆ కాగితాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా ఇలా చెప్పారు: “ఈ తేదీ నాది కాదమ్మా. యుద్ధం రోజుల్లో ఊరెళ్లిపోయినప్పుడు నెల్లూరు బడిలో మా మేనమామ నోటికొచ్చింది చెప్పి చేర్పించారు. మళ్లీ ఇక్కడికి వచ్చాక మా నాన్న నన్ను వెంటబెట్టుకొచ్చి, హెడ్మాస్టరుగారి ముందు నిలబెట్టి దిద్దించారు. ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ ఎర్ర గీత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.”

నా మొదటి ఆలోచన ఆయనకు అనుకూలంగా లేదని ఒప్పుకోవాలి. డెబ్బై ఏళ్ల కిందటి జ్ఞాపకం, పైగా ఫలితం ఆయనకు లాభం. రిజిస్టరులో నల్లని అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, మీద ఏ కొట్టివేతా లేదు. నన్ను ఆపింది ఆయన చెప్పిన రంగు. ఎర్ర సిరాలో ఉండేది ఇయోసిన్ అన్న రంగు. అందులో ఇనుము లేదు, నీరు తగిలితే కడుక్కుపోతుంది. ఈ సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదు. నాకు తెలిసి ఉండి, ఒక రిజిస్టరులో హెడ్మాస్టరు దిద్దుబాట్లు ఎర్ర సిరాతో జరుగుతాయని కూడా తెలిసి ఉండి, ఆ పుస్తకమంతటా ఒక్క ఎర్ర గీతా లేకపోవడాన్ని నేను ప్రశ్నించలేదు.

ఆ పేజీ మళ్లీ తీశాను. వెన్ను వైపు లేత గులాబీ మరక ఉంది. బైండింగు ఎర్ర క్యాలికో గుడ్డ రంగు దిగిందని నా నోట్సులో రాసుకున్నాను. గుడ్డ రంగు దిగిన మాట నిజమే. ఆ నిజం వల్లనే రెండో కారణాన్ని వెతకలేదు.

నీరు అన్ని రాతలనూ సమానంగా చెరిపితే చెరిగిన పేజీని చూడగానే తెలుస్తుంది. ఇక్కడ రాతను వదిలిపెట్టి దిద్దుబాటును మాత్రమే చెరిపింది. అందువల్ల మిగిలిన పేజీ పాడైన పేజీలా కాక, పూర్తిగా ఉన్న పేజీలా కనబడి అబద్ధం చెప్పింది. నేను దాన్ని ఎత్తిరాసి, పాఠశాల ముద్రకు సిద్ధం చేశాను.

పనిచేసినది

ముందుగా 1942కు ముందు ఆయన మొదటిసారి చేరిన పద్దును వెతికాం. అది లామినేషన్ చేసిన సంపుటంలో ఉండాలి. ఆ పేజీలో నంబరు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇయోసిన్‌కు ఒక గుణం ఉంది. అతినీలలోహిత కాంతి పడితే అది వెలుగుతుంది. చిక్కగా ఉన్నప్పటికంటే పలుచబడ్డాక ఇంకా బాగా వెలుగుతుంది. కంటికి కనబడనంత కొద్దిగా పోగుల్లో మిగిలినా చాలు. అయితే అదే కాంతి ఆ రంగును త్వరగా చంపేస్తుంది కూడా. పదిసార్లు చూద్దామంటే కుదరదు. కెమెరాను ముందుగా అదే సంపుటంలోని ఖాళీ పేజీపై సరిచేసుకుని, ఒక్కసారే వెలిగించి ఫొటో తీయాలని నిర్ణయించుకున్నాను.

కంప్యూటరు గది కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పాఠశాల పత్రాలు చూసే బ్రదర్‌ను సాక్షిగా కూర్చోబెట్టి, 365 నానోమీటర్ల టార్చి వేశాను. కాగితం నీలంగా, ఇనుప సిరా కటిక నలుపుగా కనబడ్డాయి. గుడ్డ రంగు మరక మసకగానే ఉండిపోయింది. తేదీ గడిలో, 1936 మీదుగా, నారింజ కలిసిన పసుపు వన్నెలో ఒక గీత లేచింది. స్కేలు పెట్టి గీసినది కాదు; కుడి చివర కొద్దిగా పైకి ఎగసింది. దాని పైన చిన్న అంకెల్లో మరో తేదీ, పక్కన రెండక్షరాల పొడి సంతకం. బ్రదర్ ఊపిరి బిగబట్టి చూశారు. సంవత్సరంలో చివరి అంకె పై భాగం కరిగి 4గానూ 9గానూ చదవడానికి వీలుగా ఉంది. 1939లో పుట్టిన పిల్లవాడు 1942లోపు ఒకటి, రెండు తరగతులు చదివి ఉండడు. కనుక 1934.

తర్కంతో వచ్చిన అంకె మీద ముద్ర వేయించడం నాకు ఇష్టం లేదు. దిద్దుబాటు జరిగాక ఆ తేదీని మళ్లీ ఎవరైనా ఎక్కడైనా రాశారా అని వెతకాలి. పిల్లవాడు బడి విడిచేటప్పుడు టీసీ ఇస్తారు, దాని కౌంటర్‌ఫాయిల్, అంటే చింపి ఇవ్వగా మిగిలిన భాగం, పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకాలు అదృష్టవశాత్తు మేడమీద ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. పేర్ల సూచిక లేదు కనుక 1950, 1951 కట్టలు మొత్తం తిప్పాల్సి వచ్చింది. మూడో రోజున దొరికింది. బ్లూబ్లాక్ సిరాలో, అక్షరాల్లోనూ అంకెల్లోనూ, 1934.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని బ్రదరే లేవనెత్తారు. కౌంటర్‌ఫాయిల్‌ను రిజిస్టరు చూసి రాసినదే కదా, అది వేరే సాక్ష్యం ఎలా అవుతుంది? కాదు. అయితే మనం తేల్చవలసింది ఆయన నిజంగా ఏ రోజున పుట్టారన్నది కాదు, ఆ అధికారం మనకు లేదు. వరదకు ముందు రిజిస్టరు ఏమని చెప్పిందన్నది మాత్రమే మన ప్రశ్న, దానికి రిజిస్టరు చూసి రాసిన కాగితమే తగిన జవాబు.

నకలు పత్రం మాటల గురించి ఆఫీసుతో రెండు రోజులు చర్చించాం. 1934 అని ఒక్క అంకె రాసి ఇస్తే సులువు; కానీ రేపు ఎవరైనా మామూలు వెలుతురులో అసలు పేజీ తెరిస్తే 1936 కనబడి, పెద్దాయన మీదా బడి మీదా అనుమానం వస్తుంది. అందుకని నల్లసిరా తేదీ, దాని కొట్టివేత, ఎర్రసిరా తేదీ, నీటివల్ల ఎర్రసిరా కంటికి కనబడకపోవడం, కనుగొన్న పద్ధతి, కౌంటర్‌ఫాయిల్ నంబరు అన్నీ రాసి, ఫొటో జతచేసి, హెడ్మాస్టరు సంతకంతో ఇచ్చారు. పింఛను కార్యాలయం అసలు పేజీ చూడాలని ఒకసారి అడిగింది, చూపించాం. జూన్‌లో ఆయనకు బకాయిలతో సహా మంజూరైంది.

తర్వాత

నేను ఆఫీసుకు ఇచ్చిన పట్టికను వెనక్కి తీసుకున్నాను. దాన్ని బట్టి అప్పటికే ఇచ్చిన నాలుగు నకళ్ల పేజీలను ముందుగా చూశాం, వాటిలో దిద్దుబాట్లు లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

తడిసిన రిజిస్టరును ఎత్తిరాసేముందు ఆ కార్యాలయంలో ఏ పనికి ఏ సిరా వాడేవారో అడిగి తెలుసుకోవడం ఇప్పుడు నా మొదటి పని. నీటికి పోయే సిరా ఏదైనా ఆ జాబితాలో ఉంటే, దాని జాడ లేకపోవడాన్నే నష్టంగా నమోదు చేస్తాను. గులాబీ మరకకు ఒక కారణం దొరికినంత మాత్రాన ఆగను. మరమ్మతు పూర్తి కాకముందే ఫొటో తీస్తాను, ఎందుకంటే జెలటిన్ కూడా అతినీలలోహిత కాంతిలో కొద్దిగా వెలిగి, చుట్టుపక్కల మిగిలిన గుర్తులను కప్పేస్తుంది. ఈ కేసులో అతుకు ఆ గడికి అంగుళం దూరంలో పడింది. అది నా ముందుచూపు కాదు. బడిని తెలిసినవాళ్లు, అంటే పాత విద్యార్థులు, రిటైరైన గుమాస్తాలు, పనికి ముందే నాతో కూర్చుని పేజీలు తిప్పాలని అడుగుతాను. ఆ ఎర్ర గీత గురించి తెలిసిన మనిషి మార్చిలో కాకుండా డిసెంబరులోనే నా పక్కన ఉండి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు.

1940ల సంపుటాలు రెంటినీ పేజీ పేజీకి ఒకే ఒక్కసారి అతినీలలోహిత కాంతిలో ఫొటో తీశాం. 61 ఎర్ర దిద్దుబాట్లు బయటపడ్డాయి. 38 కౌంటర్‌ఫాయిళ్లతో సరిపోయాయి. మిగిలిన 23లో ఆరుగురు కతోలికులు. వాళ్ల జ్ఞానస్నాన పుస్తకాల్లో వెతకడానికి విచారణల పేర్లు బ్రదర్ రాసుకున్నారు. తక్కిన పదిహేడుగురికి ఆ మసక వెలుగు తప్ప ఇంకేమీ లేదు. వాళ్ల నంబర్లను, ఫొటోల సంఖ్యలను ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి సంపుటం మొదటి పేజీకి ముందు ఉంచాను. పెన్సిలు గీత నీటికి చెరగదు.